ఎట్లున్నారను ప్రశ్నకు ఏమి బదులు?

మన గృహములలో నిత్యము వినబడు ప్రశ్నలలో "ఎట్లున్నారు?" అనునది అతి సామాన్యమైనది. వీధిలో ఎదురైనవారు అడుగుదురు. మఠమున ఉత్సవము నాడు కలిసినవారు అడుగుదురు. "శరణార్థి" యని చేతులు జోడించిన వెంటనే అడుగుదురు. బదులు కూడ అంత సులభముగనే వచ్చును. కాని ఇంటిలో ఒకరికి పక్షవాతము వచ్చి, కాలు చేయి పడిపోయి, మాట తడబడి, మంచము పట్టిన నాడు ఆ చిన్న ప్రశ్నయే ఇంటివారికి ధర్మసంకటమై కూర్చుండును. రోజునకు పదిమంది అడుగుదురు. అందరును ప్రేమతోనే అడుగుదురు. వారికి ఏమి చెప్పవలెను? ఎంత చెప్పవలెను? ఉన్నది ఉన్నట్లు చెప్పుట కర్తవ్యమా, ధైర్యము నిలుచునట్లు చెప్పుట కర్తవ్యమా? అన్నిటికంటె ముఖ్యముగ, ఆ సంగతి చెప్పుటకు మనకు గల అధికార మెట్టిది? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ముందుగ వ్యాధి స్వభావమును కొంత తెలిసికొనవలెను. మెదడునకు రక్తమును కొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడుట చేత గాని, నాళము చిట్లి రక్తము కారుట చేత గాని మెదడులో కొంత భాగము దెబ్బతినును. మొదటి విధమే ఎక్కువగ కనబడును. అట్టివారిలో తగినవారికి గడ్డను కరిగించు మందును, లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల వైద్యులు ఇత్తురు. అందుచేత మూతి వంకరపోయినను, ఒక చేయి పైకి లేవకున్నను, మాట ముద్దగ వచ్చినను, పసరుల కొరకు, నాటుమందుల కొరకు తిరుగక ఆ నిమిషముననే ఆసుపత్రికి చేర్చవలెను. మెదడు కుడి భాగము దెబ్బతినిన ఎడమ కాలు చేయి, ఎడమ భాగము దెబ్బతినిన కుడి కాలు చేయి పడిపోవును. చాలమందిలో మాటకు సంబంధించిన స్థానములు ఎడమ భాగమున ఉండుట వలన, ఆ వైపు దెబ్బతినినచో మాట కూడ పోవుట కలదు.

ఇక కోలుకొనుట. అది జ్వరము తగ్గినట్లు తగ్గునది కాదు. మొదటి మూడు నెలలలో కొంత వేగముగ జరుగును, తరువాత నెమ్మదించును, అయినను సంవత్సరముల తరబడి కొద్దికొద్దిగ సాగుట కలదు. నిన్న నాలుగడుగులు వేసినవారు నేడు నిద్ర చాలక రెండడుగులే వేయుదురు. కాలు బాగైనవారికి చేయి రాకపోవచ్చును. చేయి వచ్చినవారికి మాట రాకపోవచ్చును. ఇన్ని పాయలుగ ప్రవహించు విషయమును ఒక్క మాటలో చెప్పుమని లోకము అడుగుచున్నది. చిక్కు అంతయు ఇక్కడనే కలదు.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు సామాన్యముగ మనము రెండు మార్గములు త్రొక్కుదుము. మొదటిది "బాగున్నారు, ఏమియు భయము లేదు" అనుట. ఇది దయతో చెప్పు అసత్యము. అసత్యమాడరాదను నియమము బసవేశ్వరుని బోధలలో ముందు వరుసలో నిలిచినదని మన పిల్లలకు కూడ తెలియును. అయినను రోగి విషయమున ఈ నియమము సడలవచ్చునని చాలమంది తలంతురు. "నలుగురిలో చులకన యగుట ఎందుకు? శత్రువు సంతోషింపనేల? విన్నవారు దుఃఖపడనేల?" అందురు. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. ఇంటి గౌరవమును కాపాడుకొనవలెనను కోరికలో చెడుగు లేదు. కాని దాని ఫలితమును చూడవలెను.

చరిత్రలో ఇందుకు పెద్ద ఉదాహరణము కలదు. 1919 అక్టోబరు 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కు తీవ్రమైన పక్షవాతము వచ్చి ఎడమ భాగము పడిపోయెను. ఆయన భార్య ఎడిత్, వైద్యుడు గ్రేసన్ ఆ సంగతిని దాచిరి. నరముల అలసట అని మాత్రమే ప్రజలకు చెప్పబడెను. నానాజాతి సమితిలో తమ దేశము చేరవలెనా వద్దా యని సెనేటు వాదించుకొనుచున్న నెలలే అవి. 1920 ఫిబ్రవరిలో ఆయనను చూచుచున్న మరియొక వైద్యుడు పత్రికలవారితో మాట్లాడిన తరువాత గాని నిజము లోకమునకు తెలియలేదు. ఆ ఇల్లాలు భర్తయందలి ప్రేమచేతనే అట్లు చేసినదనుటలో సందేహము లేదు. కాని ఆయనతో కలిసి పనిచేయువారికి ఆయన స్థితి తెలియక, ఏది అడుగవలెనో, దేనికొరకు వేచియుండవలెనో తెలియకపోయెను. దాచుట వలన రోగికి విశ్రాంతి దొరకవచ్చును. కాని ఆయన చుట్టును గోడ యొకటి లేచును. ఆ గోడకు ఇవతల నిలిచినవారు సహాయము చేయవలెనన్నను చేయలేరు.

మన ఇండ్లు అధ్యక్ష భవనములు కావు. అయినను ఆ గోడ మన ఇండ్లలో కూడ లేచుచునే యున్నది. ఒక చిన్న సంగతి చెప్పెదను. పక్షవాతము వచ్చినవారిలో పెక్కుమందికి మ్రింగుట కష్టమగును. పలుచని ద్రవము గొంతులో దారి తప్పి ఊపిరితిత్తులలోనికి పోవును. పొలమారి దగ్గు వచ్చినచో మనకు తెలియును. కొందరిలో దగ్గు కూడ రాదు. పిదప ఊపిరితిత్తులకు జబ్బు చేసి ప్రాణాపాయము కలుగవచ్చును. ఇంటివారు "బాగున్నారు" అనిరి గదా యని ఆప్తుడొకడు కొబ్బరినీళ్లు తెచ్చి, ఎవరును చూడని సమయమున ప్రేమతో నోటికి అందించినాడనుకొనుడు. అతని దోషమేమున్నది? అతనికి చెప్పబడిన మాటను అతడు నమ్మెను. దయతో చెప్పిన అసత్యము దయతో ఇచ్చిన నీటిని విషముగ మార్చినది.

మరియొకటి. "బాగున్నారు" అని చెప్పిన ఇంటికి ఎవరును సాయము రారు. రాత్రి నాలుగుసార్లు లేచి ప్రక్క తిప్పు ఇల్లాలు, పగలు ఉద్యోగము, సాయంత్రము వ్యాయామము చేయించు కొడుకు ఆ మాట వెనుక ఒంటరివారై మిగులుదురు. దాసోహమనగా ఇచ్చుట మాత్రమే యని మనము తలంతుము. ఇచ్చువారికి అవకాశమిచ్చుట, అనగా అవసరము వచ్చినప్పుడు చేయి చాచుట కూడ అందులో భాగమే. ఎవరును పుచ్చుకొనని ఊరిలో దాసోహము ఎట్లు జరుగును?

రెండవ మార్గము దీనికి విరుద్ధమైనది. "ఇక ఇంతే, ఆశ లేదు, అయిపోయినది" అనుట. ఇది కఠోరమైన సత్యమని చెప్పువారు భావింతురు. కాని ఇది సత్యము కాదు. తెలియని భవిష్యత్తును తెలిసినట్లు చెప్పుట సత్యమెట్లగును? 2006లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పక్షవాతము వచ్చి మూడు నుండి తొమ్మిది నెలలు గడిచిన 222 మందిని తీసికొనిరి. వారిలో ఒక వర్గమునకు రెండు వారములపాటు, మేలుకొని యున్న సమయములో అధిక భాగము మంచి చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించిరి. సాధారణ చికిత్స పొందినవారికంటె వీరి చేయి ఎక్కువగ పనికి వచ్చెను. ఆ మేలు సంవత్సరము తరువాత కూడ నిలిచెను. చేతిలో ఎంతో కొంత కదలిక మిగిలినవారికే ఈ పద్ధతి తగును, అందరికిని కాదు. అయినను "నెలలు గడిచినవి గనుక ఇక ఏమియు రాదు" అను తీర్పు తొందరపాటు తీర్పు అని దీనివలన తేటపడినది.

స్వీడన్ దేశపు కవి తోమస్ త్రాన్స్‌త్రోమర్‌కు 1990లో పక్షవాతము వచ్చి కుడి భాగము పడిపోయెను. మాట చాల వరకు పోయెను. మాట పూర్తిగ తిరిగి రాలేదు. అయినను ఆయన ఎడమచేతితో పియానో వాయించెను. 1996లోను 2004లోను కవితాసంపుటములు ప్రకటించెను. 2011లో నోబెల్ బహుమతి పొందెను. ఇట్టివి అందరికి జరుగునని చెప్పుట మరల అసత్యమే యగును. నేను చెప్పదలచినది వేరు. ఆయన "బాగైనాడా, బాగుకాలేదా?" అని అడిగినచో రెండును సరియైన సమాధానములు కావు. కుడిచేయి రాలేదు, కవిత్వము పోలేదు. మనము వాడు రెండు మాటల సంచిలో ఆ జీవితము పట్టదు.

ఈ రెండు మార్గములలోను ఉమ్మడిగ ఉన్న దోషమొకటి కలదు. అది అసత్యముకంటె సూక్ష్మమైనది. మంచముమీద ఉన్న మనిషిని అడుగక, ఆయన ఎదుటనే, ఆయన తలమీదుగ, ఆయనను గూర్చి మాట్లాడుకొనుట. "అన్నగారు ఎట్లున్నారు వదినా?" యని వచ్చినవారు ఇల్లాలిని అడుగుదురు. అన్నగారు మూడడుగుల దూరములో కన్నులు తెరచి వినుచునే ఉందురు.

మాట పోయినంత మాత్రమున తెలివి పోయినదని తలచుట పెద్ద పొరపాటు. 1861లో పారిస్ సమీపమున బిసేత్ర్ ఆసుపత్రిలో బ్రోకా అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. ఆ రోగి చాల ఏండ్లుగ "తాన్" అను ఒక్క శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేడు. అందరు అతనిని తాన్ అనియే పిలుచుచుండిరి. ఇక్కడ ఎన్ని ఏండ్లుగ ఉన్నావని బ్రోకా అడుగగా, అతడు చేతి అయిదు వ్రేళ్లను నాలుగుసార్లు తెరచి చూపి, పిదప ఒక వ్రేలు చూపెను. ఇరువదియొక్క ఏండ్లు, లెక్క సరిపోయినది. మరల మరల అదే ప్రశ్న అడుగగా, తనను పరీక్షించుచున్నారని గ్రహించి కోపగించుకొనెను. అతడు మరణించిన తరువాత మెదడును పరీక్షించి, మాటకు సంబంధించిన స్థానమును బ్రోకా గుర్తించెను. తాన్‌కు వచ్చినది ఒక్కనాట వచ్చిపడిన పక్షవాతము కాదు. కాని అతని మెదడులో చెడిన తావు నేడు పక్షవాతమున ఎందరికో దెబ్బతినుచున్నది. వైద్యశాస్త్రము ఈ కథను స్థానము కనుగొన్నందుకు స్మరించును. మనము అతని కోపమును స్మరింపవలెను. నోట మాట లేని మనిషి ఇరువదియొక్క ఏండ్లను వ్రేళ్లమీద లెక్కించుచునే యుండెను.

జిల్ బోల్ట్ టేలర్ అను అమెరికా మెదడు శాస్త్రజ్ఞురాలికి 1996 డిసెంబరు 10వ తేదీన, ముప్పది యేడవ ఏట, మెదడు ఎడమ భాగమున రక్తనాళము చిట్లెను. పూర్తిగ కోలుకొనుటకు ఎనిమిది సంవత్సరములు పట్టెను. తరువాత ఆమె తన అనుభవమును గ్రంథముగ వ్రాసెను. గట్టిగ అరచి మాట్లాడుట వలన తనకు మేలు జరుగలేదనియు, దగ్గరకు వచ్చి, కన్నులలోనికి చూచి, నెమ్మదిగ మాట్లాడినవారి వలననే మేలు కలిగినదనియు ఆమె చెప్పినది. వినువాడు ఉన్నాడను సంగతి రోగినుండి మనము నేర్చుకొనవలసినది.

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో శరణులు చేసినదేమి? మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, అక్కమహాదేవి స్త్రీ. అంతకుముందు వీరినిగూర్చి ఇతరులు మాట్లాడుచుండిరి. శరణుల గోష్ఠిలో ఎవరి అనుభవమును వారే, తమ భాషలో, తమ నోట చెప్పుకొనిరి. అనుభవమునకు అధికారి అనుభవించినవాడే యను నియమము అక్కడ నిలిచినది. ఆ నియమము పండితుని ఎదుట నిలిచిన మడివాళునికి వర్తించినట్లే, మంచముమీద ఉన్న తండ్రికి వర్తింపదా? కుశలవార్త ఇంటివారి ఆస్తి కాదు. బంధువులకు చెల్లింపవలసిన బాకీ కాదు. అది రోగి జీవితములోని అధ్యాయము. మనము దానిని చదివి వినిపించువారము మాత్రమే.

ఇట్లు తలచినచో ఆచరణలో కొన్ని మార్పులు తమంత తామే వచ్చును. బయటివారికి ఏమి చెప్పవలెనో ముందు ఆయననే అడుగుదుము. మాట రానివారు తల యూపగలరు, చేయి నొక్కగలరు, కన్ను మూసి తెరువగలరు. "మిత్రులకు మీ సంగతి చెప్పవచ్చునా? పడిపోయిన సంగతి చెప్పనా, వద్దా?" అని ఒక్కొక్కటిగ, అవును కాదు అను బదులు చాలునట్లు అడుగవలెను. మాట తెలియుటయే కష్టమైనవారిని సైగలతో, బొమ్మలతో అడుగవలెను. నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను కలదు. వంకరపోయిన మూతితో, కారుచున్న లాలాజలముతో ఉన్న మనిషి ఛాయాచిత్రమును తీసి నలుబది మందికి పంపుట ఒక్క క్షణము పని. జీవితమంతయు మడత నలగని తలపాగాతో తప్ప వీధిలోనికి రాని మనిషిని, ఆయన అనుమతి లేక అట్లు వీధిలో నిలుపుటకు మనకు హక్కు ఎవరిచ్చిరి?

ఇక సత్యమును ఎట్లు చెప్పవలెను? తీర్పు చెప్పక, చూచినది చెప్పవలెను. మన కుటుంబములలోనే ఒక సందర్భమును తీసికొందము. ఇష్టలింగమును ఎడమ అరచేతిలో నిలిపి పూజించుట మన ఆచారము. మెదడు కుడి భాగము దెబ్బతినినచో పడిపోవునది ఆ చేయియే. నిత్యము పూజ లేక నీరు ముట్టని మనిషికి కాలు పోయిన దుఃఖముకంటె ఈ దుఃఖము పెద్దది. "పూజ చేసికొనుచున్నారా?" అని మఠమునుండి అడిగినప్పుడు ఇల్లాలు "చేసికొనుచున్నారు" అనినను, "ఎక్కడి పూజ లెండు" అనినను సగమే చెప్పినట్లు. "వ్రేళ్లు ముడుచుకొని యున్నవి. ఉదయము వాటిని విప్పుటకు కొంతసేపు పట్టును. అరచేయి నిలువదు గనుక క్రింద నా చేయి పెట్టి పట్టుచున్నాను. నిన్న బొటనవ్రేలు తనంత తాను కదలినది" అనినచో అందులో దాపరికము లేదు, నిరాశ లేదు, గొప్ప లేదు. విన్నవారికి ఆయన కష్టము తెలియును; ఆయన ప్రయత్నము కూడ తెలియును. భార్య అరచేతిలో భర్త అరచేయి, అందులో లింగము. ఆ పూజ ఎట్టిదో వివరించి చెప్పనక్కరలేదు.

ఆయన ప్రయత్నము తెలియుట చాల ముఖ్యము. ముడుచుకొనిన వ్రేళ్లను రోజునకు వందసార్లు విప్పుట, గిన్నెలోని శనగగింజలను ఒక్కొక్కటిగ మరియొక గిన్నెలో వేయుట, పోయిన పదమును వెదకి వెదకి పట్టుకొనుట, ఇవన్నియు పనియే. పొలమున, మగ్గమున చేయు కాయకమునకు ఇది తీసిపోదు. "బాగున్నారు" అను మాట ఈ కాయకమును మాయము చేయును. "ఇక ఇంతే" అను మాట దీనిని వ్యర్థము చేయును. ఆశయనగా రేపు ఇట్లు జరుగునని చెప్పు జోస్యము కాదు; నేడు ఆ గింజను మరల పట్టుకొనుటకు చేయి చాచుటయే. కనుక వెనుకబడిన దినమును కూడ దాపరికము లేక చెప్పవచ్చును. "ఈ వారము నడక తగ్గినది, జ్వరము వచ్చినది" అని చెప్పుట ఓటమి కాదు.

మరికొన్ని సంగతులు చెప్పి తీరవలెను. కొందరు రోగులు దుఃఖము లేకయే హఠాత్తుగ ఏడ్చుదురు. నవ్వు రాని చోట నవ్వుదురు. అది మెదడు దెబ్బ లక్షణము. ముందుగ తెలియని మిత్రుడు తనవలన నొప్పి కలిగినదని తలచి మరల రాడు. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది ఏదో ఒక సమయమున మనోవ్యాకులతకు లోనగుదురు. దానిని పిరికితనమనియు, భక్తి చాలదనియు నిందింపరాదు; అది వైద్యునికి చెప్పవలసిన జబ్బు. ఇట్టివానిని ఆప్తులకు తెలుపుట రోగిని చులకన చేయుట కాదు, ఆయనకు మిత్రులను నిలుపుట.

అడుగువారికి కూడ ధర్మము కలదు. ఇంటివారిని అడుగుటకు ముందు మంచము దగ్గరకు పోయి ఆయననే పలుకరింపవలెను. బదులు కొరకు ఓపికతో నిలువవలెను. ఆయన వెదకుచున్న పదమును మనము ముందుగ అందించి నోరు మూయరాదు. ఫలానావారికి ఈ మందు తగిలినదని తెలియని చికిత్సలు చెప్పరాదు. ఫలానావారు ఇట్లే పడి మరణించిరని చెప్పనే రాదు. "ఏమైన కావలెనన్న చెప్పుడు" అని పోవుట సులభము. అడుగుటకు సిగ్గుపడువారు ఎన్నడును అడుగరు. "మంగళవారము సాయంత్రము వ్యాయామము నేను చేయించెదను, చెల్లెలు రెండు గంటలు నిద్రపోవును గాక" అనుట మేలు.

కఠినమైన సందర్భమొకటి మిగిలినది. తెలివియే లేక, తల యూపుట కూడ లేక ఉన్నవారి విషయమేమి? అనుమతి ఎవరిని అడుగుదుము? అట్టిచోట ఆయన స్వభావము బాగుగ తెలిసినవారు, ఆయన ఉన్నచో ఎంతవరకు చెప్పుటకు ఒప్పుకొనునో అంతవరకే చెప్పవలెను. అందుకు ఖచ్చితమైన కొలబద్ద లేదు. ఇంటిలో ఇద్దరికి రెండు అభిప్రాయములు రావచ్చును. తక్కువ చెప్పి, చెప్పినంతవరకు నిజము చెప్పుట క్షేమము. కోలుకొనుట ఆగిపోయిన నాడును, మరణము సమీపించిన నాడును ఇదే పద్ధతి చెల్లును. "నేడు కన్ను తెరువలేదు, చేయి పట్టుకొనిన వెచ్చగ ఉన్నది, ప్రక్కన కూర్చుంటిమి" అను వార్త కూడ వార్తయే. బాగగుచున్నంతకాలమే మనిషి చెప్పుకొనదగినవాడు, బాగు కానప్పుడు దాచవలసినవాడు అను భావము మన మనస్సులలో ఉన్నచో, మన మాటలలోని దోషములన్నిటికి మూలము అదియే.

కావున, ఇంటిలో ఇట్టి కష్టము వచ్చిన సోదరులు, సోదరీమణులు రేపు ఎవరైన "ఎట్లున్నారు?" అని అడిగినప్పుడు ఒక్క పని చేసి చూతురు గాక. బదులు చెప్పుటకు ముందు, వచ్చినవారిని మంచము దగ్గరకు తీసికొనిపోయి, కుర్చీ దగ్గరగ వేసి, "మీరే అడుగుడు, వారు వినుచున్నారు" అని చెప్పవలెను. బదులు ఆలస్యముగ రావచ్చును. మాటగ గాక చూపుగ, చేతి నొక్కుడుగ రావచ్చును. అది ఏ రూపమున వచ్చినను ఆ ప్రశ్నకు మొదటి సమాధానము అదియే. మనము చెప్పునది దాని తరువాతిది.